రంగయ్య శెట్టి రక్తాభ్యాసం

నంద్యాల పాత ఊళ్లో కుంకుమ రంగయ్య అంగడి ఎక్కడ అంటే చంటిపిల్ల కూడా చెయ్యి చూపిస్తుంది. నలభై ఏళ్లుగా పసుపు, కుంకుమ, కర్పూరం అమ్ముతున్నాడు. మహానందికీ, యాగంటికీ, అహోబిలానికీ వచ్చే భక్తుల నొసట కనిపించే ఎరుపులో చాలా భాగం ఆయన గోతాల్లోంచి వెళ్లిందే. చిటికెడు కుంకుమ తీసి, రెండు వేళ్ల మధ్య రుద్ది, వెలుతురుకు పట్టి చూశాడంటే అది ఏ ఊరి సరుకో, అందులో కల్తీ ఎంతో చెప్పేస్తాడు. తన సౌకర్యం కోసం ఎరుపులకు ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు పెట్టుకున్నాడు. ఒకటో నంబరులో కాస్త నారింజ ఛాయ ఉంటుంది. ఆరో నంబరు నల్లబడడానికి సిద్ధంగా ఉంటుంది. ఈ నంబర్లు ఆయనకు తప్ప ప్రపంచంలో ఇంకెవరికీ తెలియవు. ఎవరూ అడగలేదు కూడా.

ఇంత ఎరుపు మధ్య బతికిన మనిషికి రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. తిరగడమంటే మామూలుగా తిరగడం కాదు, నిలువునా పడిపోతాడు. షుగరు పరీక్షకని వేలు గుచ్చితే కుర్చీలోంచి జారిపోయాడు. కూతురు పుట్టినప్పుడు ఆస్పత్రి గేటు దగ్గర నిలబడి లోపలి నుంచి వచ్చిన ప్రతివాణ్ణీ 'అయిపోయిందా?' అని అడిగాడే గానీ గడప తొక్కలేదు. ఒక వానాకాలం అంగడి కప్పు కారి, కుంకుమ గోతం తడిసి, ఎర్రటి నీళ్లు వీధిలోకి పారాయి. అది తన సరుకేనని, నికార్సయిన నాలుగో నంబరేనని తెలిసి కూడా ఆయన తక్కెడ పక్కన కూలబడ్డాడు. సీమ మనుషులంటే బయటి జిల్లాలవాళ్లకు ఏవేవో ఊహలు ఉంటాయి. వాళ్లను ఒకసారి తీసుకొచ్చి రంగయ్యను చూపిస్తే ఆ ఊహలు అక్కడే ఆగిపోతాయి.

ఆ ఇంట్లో ధైర్యమంతా ఆయన భార్య కమలాక్షమ్మ వాటాకు వచ్చింది. వీధిలో ఎవరికి వేలు తెగినా, గడ్డ లేచినా ముందు ఆమె అరుగు దగ్గరికే వస్తారు. రంగయ్య అరికాల్లో మేకు దిగినప్పుడు ఆమే పీకింది. ఆ సమయంలో ఆయన స్పృహలో లేడు కాబట్టి పని తేలికైందని ఇప్పటికీ చెబుతుంది. పెళ్లయిన నలభై ఒక్క ఏళ్లలో ఆ ఇంట్లో ఎవరి ఒంటి మీది రక్తమైనా తుడిచిన చెయ్యి ఆమెదే. అలాంటి కమలాక్షమ్మకు షుగరు పుణ్యమా అని కుడి అరికాల్లో, బొటనవేలి కింద పుండు పడింది.

మొదట అది బొబ్బ. ఎవరికీ చెప్పకుండా పసుపు అద్దుకుని తిరిగింది. ఊరందరి పుళ్లకూ ఆస్పత్రికి పొమ్మని పోరే మనిషి తన పుండుకు మాత్రం పోలేదు. పోయేసరికి అది నిమ్మకాయంత అయింది. డాక్టరు శుభ్రం చేసి, కట్టు కట్టి, రోజూ కట్టు మార్చాలనీ, అశ్రద్ధ చేస్తే వేలు తీసెయ్యాల్సి వస్తుందనీ, అప్పటికీ ఆగకపోతే ఇంకా పైకి కూడా అనీ చెప్పి ఆగాడు. డాక్టరు తర్వాతి రోగి దగ్గరికి వెళ్లిపోయాడు గానీ రంగయ్య మాత్రం ఆ ఆగిన చోటే చాలా రోజులు ఉండిపోయాడు.

రెండు వీధుల అవతల ఉండే నర్సు లూదియా రోజూ పొద్దున్నే డ్యూటీకి పోతూ ఇంటికి వచ్చి కట్టు మార్చేది. అంతసేపూ రంగయ్య వీధి చివర నిలబడి, రాని బస్సు కోసం చూస్తున్నట్టు చూసేవాడు. అలా ఒక నెల గడిచింది. ఒకరోజు లూదియా దూది సంచిలో పెట్టుకుంటూ కాస్త మొహమాటంగా చెప్పింది.

"పెద్దమ్మా, మా పాపకు కాన్పు దగ్గర పడింది. ఒంగోలు పోవాల. ఒకటో తారీకు నుంచి నెల దినాలు రాలేను. ఇంకెవరినన్నా మనిషిని మాట్లాడిపెడతా."

"ఎవురూ వద్దులేమ్మా," అంది కమలాక్షమ్మ, ఒళ్లో చేట పెట్టుకుని కందిపప్పులో రాళ్లు ఏరుతూ. "నీకు కాలు చూపించేదానికే వారం దినాలు సిగ్గుపడితి. కొత్తోళ్ల చేతిలో నా కాలు పెట్టలేను. పోతే వేలే కదా. పోనీ."

అప్పుడే వీధి చివర నుంచి తిరిగొచ్చిన రంగయ్య గడపలో ఆ మాట విన్నాడు. మామిడికాయ ముదిరిపోతే పోనీ అన్నంత తేలిగ్గా అంది ఆమె. ఆయనకు కమలాక్షమ్మ నడవలేని ఇల్లు ఎలా ఉంటుందో ఒక్క క్షణం కనిపించింది. అంతే, నోరు దానంతట అదే మాట్లాడేసింది.

"ఎవురూ వద్దు. నేను కడతా."

లూదియా నవ్వు దాచుకోవడానికి సంచిలోకి తల పెట్టింది. కమలాక్షమ్మ దాచుకోలేదు.

"మీరా? నా కట్టు మీరు కడితే, మిమ్మల్ని ఎత్తేదానికి ఇద్దర్ని పెట్టాల!"

నవ్వు ఆగాక ఆమెకు అసలు అభ్యంతరం గుర్తొచ్చింది. ఆ ఇంట్లో పొరపాటున ఆమె కాలు ఆయనకు తగిలితే వెంటనే వంగి ఆయన్ను తాకి కళ్లకు అద్దుకుంటుంది. ఆయన పక్క మీద ఉంటే ఆ పక్కను దాటదు. "మొగుని చేత కాలు పట్టించుకుంటే నాకు పాపం తగుల్తాది. వద్దు," అంది, ఈసారి నవ్వకుండా.

"పెండ్లిలో నీ కాలు పట్టుకోని సన్నికల్లు మీద పెట్టింది ఎవురు? మెట్టెలు తొడిగింది ఎవురు?" అన్నాడు రంగయ్య. "అప్పుడు తగలని పాపం ఇప్పుడు యాడ నుంచి వస్తాది?"

కమలాక్షమ్మ మళ్లీ కందిపప్పులో రాళ్లు ఏరసాగింది. వాళ్ల కాపురంలో వాదనలో రంగయ్య గెలవడం అది రెండోసారి. మొదటిది దేని గురించో ఆయనకే గుర్తు లేదు.

గెలిచాక భయం వేసింది. ఒకటో తారీకుకు ఇరవై రెండు రోజులు ఉన్నాయి. ఆ సాయంత్రం మనవరాలు దీక్షిత కాలేజీ నుంచి రాగానే పెరట్లోకి పిలిచి తన కష్టం చెప్పుకున్నాడు. దీక్షిత కూతురి కూతురు. వాళ్ల నాన్న రాకేశ్‌కు ఆళ్లగడ్డలో, అహోబిలం దోవలో, పూజాసామాన్ల అంగడి ఉంది. ఇంజనీరింగు చదువు కోసం అమ్మాయి అవ్వాతాతల దగ్గర ఉంటోంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పెరుగన్నం కలుపుకుంటూ ఫోనులోకి చూస్తూ ఉంటే పాఠాలు వింటోందని కమలాక్షమ్మ నమ్మకం. ఆ అమ్మాయి చూసేది జపానువాళ్ల బొమ్మల సీరియళ్లు. అనిమే అంటారు. అదీ పిల్లలు చూసే రకం కాదు. తలలు తెగిపడేవి, పేగులు గోడలకు అతుక్కునేవి, పెద్దవాళ్లకు మాత్రమే అని మొదట్లోనే హెచ్చరించేవి. అలాంటి సీను ఒకటి జరుగుతుండగా ఆ పిల్ల తాపీగా మజ్జిగ మిరపకాయ కొరుక్కుంటుంది.

"తాతా, నిజం రక్తంతో మొదలుపెడితే నువ్వు పడకుండా ఎట్ల ఉంటావ్?" అంది దీక్షిత. "గీసిన రక్తంతో మొదలుపెట్టు. అది ఉత్త రంగే కదా. దినామూ రోంత రోంత చూస్తే అలవాటైపోతాది."

ఉత్త రంగు అన్న మాట రంగయ్యకు నచ్చింది. రంగు గురించి తనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

దీక్షిత తాత ఫోనులో యాప్ పెట్టింది. అది ముందు పుట్టిన సంవత్సరం అడిగింది. అమ్మాయి వేలితో అంకెల్ని కిందికి తోస్తూ పోయింది. తొంభైలు, ఎనభైలు, డెబ్బైలు దాటి యాభైతొమ్మిది దగ్గర ఆగేసరికి వేలు నొప్పి పుట్టింది. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు మాత్రమే చూడాలని తెర మీద పడితే రంగయ్య హుందాగా తల ఊపాడు. ఆ లెక్కన తాను మూడింతలకు పైగా అర్హుడు.

దీక్షిత ఎంచి పెట్టిన కథలో ఒక కొండ ఊరు ఉంటుంది. మంచు కురిసే కాలంలో అడవిలోంచి ఏవో దిగి వచ్చి మనుషుల్ని చీల్చి పారేస్తాయి. ఆ ఊళ్లో ఒక పిల్ల సూదీ దారం పట్టుకుని, చీలిపోయినవాళ్లను మళ్లీ కుడుతుంది. తొందరలో ఒక్కోసారి ఒకరి చెయ్యి ఇంకొకరికి కుట్టేస్తుంది. అక్కడి నుంచి కథ ఇంకా ఘోరమవుతుంది. ఆ పిల్ల జపాను పేరు రంగయ్య నోటికి తిరగలేదు. సూదిపిల్ల అని పెట్టుకున్నాడు.

మొదటి పాఠం మధ్యాహ్నం అంగట్లో మొదలైంది. షట్టరు సగానికి దించి, ఫోనును కుంకుమ డబ్బాకు ఆనించి, కుర్చీలో కూర్చున్నాడు. నాలుగు నిమిషాల పాటు మంచు, చెట్లు, అన్నం ముద్దలు చుట్టుకుంటున్న సూదిపిల్ల. నల్లమల చలికాలం గుర్తొచ్చి ఆయనకు హాయిగా అనిపించింది. అయిదో నిమిషంలో కట్టెలు కొట్టే ముసలాయన ఎవరో పిలిచారని తలుపు తీశాడు. మరుక్షణం ఆ ముసలాయనకు నడుము పైన ఏమీ లేదు. ఇవతల కుర్చీలో రంగయ్య కూడా లేడు.

రెండో రోజు నుంచి తెలివి తెచ్చుకుని నేల మీద కూర్చున్నాడు. అక్కడి నుంచి పడడానికి ఇంకెక్కడికీ దారి లేదు. మూడో రోజు సౌండు తీసేసి చూశాడు. నాలుగో రోజు ఒంటికన్నుతో చూశాడు. అయిదో రోజు పడిపోలేదు గానీ ఇంటికి వచ్చి టమాటా పచ్చడి వద్దన్నాడు. ఆరో రోజు ఒక రాక్షసి మెడ తెగి గది నిండా ఎరుపు చిమ్మింది. రంగయ్య కళ్లు మూసుకోబోయి ఆగాడు. ఫోను చేతిలోకి తీసుకున్నాడు. వెలుతురుకు పట్టి చూశాడు.

"ఏందీ? ఇది మూడో నంబరు కదా!" అన్నాడు పైకే.

అంతటితో సగం భయం పోయి వ్యాపారం మిగిలింది. ఆ రోజు నుంచి ప్రతి తెగిన మెడనూ సరుకులాగా పరీక్ష చేశాడు. ఎవరికీ చెప్పని నంబర్ల గుట్టు దీక్షితకు విప్పాడు. సాయంత్రం ఆమె వచ్చేదాకా ఆగలేక కాలేజీకే ఫోను చేసేవాడు. "పెద్ద రాక్షసునికి రెండో నంబరు వేసినారు, ఉత్త నాసిరకం. ఆ చంటిపిల్లకు ఏమో ఆరో నంబరు. పిల్లోళ్ల రక్తం అంత చిక్కగా ఉంటాదా? గీసినోనికి బుద్ధి లేదు!" దీక్షిత క్లాసులో పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వేది. రెండో వారానికి నంబర్లు కూడా మర్చిపోయి కథలో పడ్డాడు. సూదిపిల్లకు ఎవరూ అన్నం పెట్టడం లేదని బెంగ పట్టుకుంది. సూది కడగకుండా కుడుతోందని కోపం వచ్చింది. ఎందుకంటే ఈలోపు లూదియా ఆయనకు చేతులు కడుక్కునే పద్ధతి, కట్టు చుట్టే పద్ధతి సొరకాయ మీద నేర్పుతోంది. ఆ వారాల్లో వాళ్ల ఇంట్లో సొరకాయలన్నీ కట్టు కట్టించుకున్నాకే పులుసులోకి వెళ్లాయి.

శనివారాలు ఆయన ఆళ్లగడ్డకు పోయి అల్లుడి అంగడికి కుంకుమ వేసి వస్తాడు. ఆ శనివారం బస్సులో కిటికీ పక్కన కూర్చుని తొమ్మిదో భాగం పెట్టుకున్నాడు. పక్క సీటులో కొండయ్య అనే రైతు, పట్టుపంచె కట్టుకుని, ఒళ్లో కొబ్బరికాయల సంచి పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపు ఓర్చుకుని చూశాడు. తెర మీద ఒకడి పక్కటెముకలు విడిపోయేసరికి ఇంక ఓర్చుకోలేకపోయాడు.

"ఏందప్పా ఇది? నొసట ఇంత బొట్టు పెట్టుకోని, ఈ వయసులో ఈ నరుకుడు చూస్తాండావ్?"

"మందప్పా," అన్నాడు రంగయ్య తల తిప్పకుండా. "దినానికొక మోతాదు."

"ఏం రోగానికి?"

"పిరికితనానికి. నువ్వు యాడికి పోతాండావ్?"

"అహోబిలం. సామిని చూడనీకి."

"ఆ సామి తొడ మీద ఎవురుండారు? వాని పేగులు యాడుండాయి?"

"అది దేవుడప్పా," అన్నాడు కొండయ్య. కానీ ఆ మాట తర్వాత ఆయన మెడ మెల్లగా ఫోను వైపు వంగింది. సిరివెళ్ల దాటేసరికి ఇద్దరూ ఒకే తెరలోకి చూస్తున్నారు. ఆళ్లగడ్డ బస్టాండులో రంగయ్య దిగిపోతుంటే కొండయ్య కిటికీలోంచి తల బయటకు పెట్టి, "అప్పా, ఆ పిల్ల బతుకుతాదా?" అని అరిచాడు. ఇంకా మూడు భాగాలున్నాయని రంగయ్య వేళ్లు చూపించాడు.

ఒకటో తారీకు వచ్చింది. లూదియా ఊరికి వెళ్లింది. దీక్షిత కాలేజీ బస్సెక్కింది. ఇంట్లో మిగిలింది మొగుడూ పెళ్లామే. రంగయ్య మూడుసార్లు చేతులు కడుక్కున్నాడు. కమలాక్షమ్మ మంచం మీద పడుకుని, కాలు పీట మీద పెట్టి, మొహం గోడ వైపు తిప్పుకుని రామా రామా అనుకోసాగింది. ఆయన నేల మీద కూర్చున్నాడు. పాత కట్టు విప్పసాగాడు. నాలుగో నంబరు కావచ్చు, అయిదో నంబరు కావచ్చు, ఏది వచ్చినా సరే అనుకుని చివరి పొర తీశాడు.

మొదట వాసన వచ్చింది. బొమ్మల్లో వాసన ఉండదు. ఆ సంగతి ఎవరూ ముందుగా చెప్పలేదు. ఊపిరి బిగబట్టి చూశాడు. ఎరుపు లేదు. ఎక్కడా ఒక్క చుక్క ఎరుపు లేదు. పాలమీగడ లాంటి తెలుపు, అంచుల్లో పసుపు, అంతే. ఇన్నాళ్లు పడిన భయం దీని కోసమా అనిపించి రంగయ్యకు నవ్వొచ్చింది.

"కమలా, రక్తమే లేదే! తెల్లగా, శుభ్రంగా ఉండాది!"

"నిజంగానా?" అంది గోడ వైపు నుంచే.

"నీ మీద ఒట్టు."

శ్రద్ధగా కడిగి, మందు రాసి, సొరకాయకు కట్టినట్టే కట్టాడు. అయిపోయాక కమలాక్షమ్మ లేచి కూర్చుని, పాపం పోవడానికి ఆయనకు రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. ఆయన మహారాజులాగా స్వీకరించాడు.

నాలుగు రోజులు అలాగే జరిగింది. రంగయ్యను పట్టడం ఎవరి వల్లా కాలేదు. కర్పూరం కొనడానికి వచ్చినవాళ్లకు కూడా కట్టు కథ చెప్పాడు. అయిదో రోజు లూదియాకు ఫోను చేసి, మనవడు పుట్టాడని విని సంతోషించి, ఆ తర్వాత తన గొప్ప మొదలుపెట్టాడు.

"నీ చెయ్యి కంటే నా చెయ్యే మంచిదమ్మా. ఒక్క చుక్క రక్తం లేదు. నొప్పి కూడా లేదంటాది."

అవతల లూదియా ఆ గొప్ప పట్టించుకోలేదు. "పెద్దనాయనా, ఎర్రగా రోంత కూడా లేదా?"

"లేదమ్మా. మల్లెపూవు మాదిరి ఉండాది."

"ఫోటో తీసి పంపు. ఇప్పుడే."

పంపాడు. నిమిషం తిరక్కముందే ఫోను మోగింది. "ఈ పొద్దే ఆస్పత్రికి తీసకపో పెద్దనాయనా. తెల్లగా ఉండకూడదు. ఎర్రగా ఉండాల. ఎర్రగా ఉంటేనే ఆడ కండ బతికున్నట్టు."

రంగయ్య అరవై ఆరేళ్లుగా ఎరుపుకు భయపడ్డాడు. భయపడాల్సింది ఈ తెలుపుకని ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయన ఎవరినీ అడగనూ లేదు. రక్తం లేదు కాబట్టి అంతా బాగుందని నాలుగు రోజులు ఊరంతా చాటుకున్నాడు. ఆ నాలుగు రోజుల్లో పుండు లోపల ఏం జరిగిందో! తన తెలివితక్కువతనం వల్ల ఆమె కాలు పోతే ఆ ఇంట్లో ఏ మొహం పెట్టుకుని తిరగాలి? జీవితంలో ఎన్నడూ లేనంత భయం వేసింది. చిత్రం ఏమిటంటే ఈసారి కళ్లు తిరగలేదు. ఆటో కోసం వీధిలోకి పరుగెత్తాడు.

కబురు అందుకుని దీక్షిత కాలేజీ నుంచి నేరుగా ఆస్పత్రికి వచ్చింది. డాక్టరు కట్టు విప్పి చూసి, చచ్చిపోయిన కండను గీకి తీసెయ్యాలన్నాడు. "గీకినప్పుడు అడుగున రక్తం వస్తే వేలు నిలబడుతుంది. రాకపోతే తీసెయ్యక తప్పదు," అన్నాడు. తోడుగా ఎవరైనా లోపలికి రావచ్చన్నాడు.

"నేనుంటా అవ్వా. నాకు ఇవన్నీ అలవాటే," అంది దీక్షిత.

"నేనూ ఉంటా," అన్నాడు రంగయ్య.

"మీరు వద్దు, బయట కూచోండి. పడతారు," అంది కమలాక్షమ్మ బల్ల మీద నుంచి.

"పడితే పడతా. పోను."

డాక్టరు గీకడం మొదలుపెట్టాడు. తెల్లటి పొర లేచింది. దాని కింద ఇంకో తెలుపు. అదీ తీశాడు. దాని కింద బూడిదరంగు. రంగయ్య ఆమె మడమ పట్టుకుని వంగి చూస్తున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి రక్తం కోసం దేవుణ్ణి వేడుకున్నాడు. మహానందీశ్వరుడికి ఒక మొక్కు, అహోబిలం నరసింహస్వామికి ఒక మొక్కు, యాగంటి ఉమామహేశ్వరుడికి ఒకటి. మూడు క్షేత్రాలకూ కుంకుమ పంపిన మనిషి మూడు క్షేత్రాలనూ ఒక్క చుక్క అడిగాడు. కత్తి ఇంకోసారి కదిలింది. అడుగున గసగసాలంత ఎరుపు లేచింది. అది కందిగింజంత అయింది. తర్వాత ధారగా జారింది.

దబ్బుమని శబ్దం వచ్చింది. పడింది తానేనని రంగయ్య అనుకున్నాడు. అలవాటు అలాంటిది. కిందికి చూసుకుంటే తన కాళ్ల మీద తాను నిలబడే ఉన్నాడు. పెరుగన్నం తింటూ వందల తలలు తెగడం చూసిన దీక్షిత, నేల మీద వెల్లకిలా పడి ఉంది.

"ఎవురు పడింది? ఆయనేనా?" అంది కమలాక్షమ్మ కంగారుగా.

"నేను కాదు. నేను నిలబడే ఉండా," అన్నాడు రంగయ్య. ఆ మాట అనడానికి ఇన్నేళ్లు ఆగినట్టుంది, ఆ కంగారులో కూడా రెండుసార్లు అన్నాడు.

డాక్టరు మాత్రం పూర్తిగా భరోసా ఇవ్వలేదు. ఇప్పటికైతే గండం గడిచింది, పదిరోజుల్లో ఎర్రటి కొత్త కండ పుట్టాలి, పుట్టకపోతే మళ్లీ మాట్లాడుకుందాం అన్నాడు. ఇంటికి వస్తూ ఆటోలో దీక్షిత తల దించుకుని, "గీసిన రక్తం వేరు తాతా," అంది. "వేరే తల్లీ," అన్నాడు రంగయ్య, ఆమె తల నిమురుతూ. అంతకు మించి ఏడిపించలేదు. ఆ బాధ ఆయనకు తెలుసు.

ఆ తర్వాత సూదిపిల్ల కథ ముందుకు సాగలేదు. చివరి రెండు భాగాలు ఫోనులో అలాగే ఉండిపోయాయి. ఆయనకు ఇంట్లోనే రోజూ పొద్దున ఒక భాగం నడుస్తోంది. మొదటి రోజు ముదురు రంగు. రెండో రోజు అంతే. మూడో రోజు అంచుల్లో మళ్లీ తెలుపు వస్తోందేమోనని అనుమానం. ఫోటో తీసి లూదియాకు పంపడం, ఆమె 'చూద్దాం' అనడం. కమలాక్షమ్మ మాత్రం ఎప్పుడూ ఎలా ఉందని అడగలేదు. మొహం గోడ వైపే. ఆరో రోజు ఆయనే ఉండబట్టలేక, ఎందుకు అడగవు అన్నాడు.

"ఎట్లుందో మీ మొగం చూస్తే నాకు తెలిసిపోతాది," అంది గోడతోనే మాట్లాడుతున్నట్టు. "అందుకే ఇట్ల తిరుగుతా. నాకు భయమైతాంది."

రంగయ్య చేతిలో దూది ఆగిపోయింది. ఈ నోట ఆ మాట ఆయన ఎన్నడూ వినలేదు. భయం తనదీ, ధైర్యం ఆమెదీ అని పెళ్లినాడే పంచుకున్నట్టు బతికాడు. పోతే వేలే కదా అన్న రోజు కూడా ఆమెకు ఇంత భయం ఉండే ఉంటుందని ఇప్పుడు తట్టింది. కట్టు చుట్టడం మొదలుపెట్టాడు.

"భయపడేది నా పని," అన్నాడు. "దాంట్లో నాకు అరవై ఏండ్ల అనుభవం ఉండాది. నువ్వు కొత్తగా పోటీకి రావద్దు. గమ్మున పండుకో."

గోడ వైపు నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. ఆ రోజు కూడా దండం పెట్టేటప్పుడు ఆమె ఆయన మొహంలోకి చూడలేదు.

తొమ్మిదో రోజు ఆదివారం. దీక్షిత వంటింట్లో కాఫీ పెడుతోంది. రంగయ్య ఎప్పటిలాగే నేల మీద కూర్చుని, ఆమె కాలు తన ఒళ్లోకి తీసుకుని, కట్టు విప్పాడు. చివరి గుడ్డ కాస్త అతుక్కుని ఉంటే నీళ్లతో తడిపి మెల్లగా లాగాడు. లాగిన చోట చిన్న రక్తపు బొట్టు నిలబడింది. దాని చుట్టూ, పుండు అడుగంతా, తడిగా లేతగా ఎర్రటి గింజలు. నిన్న ఇవి లేవు. కిటికీ తలుపు పూర్తిగా తోసి మళ్లీ చూశాడు. ఉన్నాయి. అంచు నుంచి అంచు దాకా ఉన్నాయి.

కమలాక్షమ్మకు గోడ వైపున మందు మూత తీసే చప్పుడు వినిపించలేదు. కట్టు విప్పి ఉండగా తొమ్మిది రోజుల్లో మొదటిసారి తల తిప్పి చూసింది. ఆయన భుజాలు ఊగుతున్నాయి, తల ముందుకు వాలిపోతోంది.

"దీక్షితా! నీళ్లు తేమ్మా, మీ తాత పడతాండాడు!"

"పడలేదు," అన్నాడు రంగయ్య. "ఏడుస్తాండా, అంతే. ఎర్రగా వచ్చినాది కమలా. అంతా ఎర్రగా ఉండాది."

కమలాక్షమ్మ మోచేతి మీద లేచి ఆయన మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. నీళ్ల చెంబుతో పరుగెత్తుకొచ్చిన దీక్షిత గుమ్మంలోనే ఆగిపోయింది. కాలు ఇంకా ఆయన రెండు చేతుల్లోనే ఉంది. ఆమె దాన్ని వెనక్కి తీసుకోలేదు.

"ఏడిస్తే ఏడ్చినారు గానీ, ముందు ఆ గుడ్డ వేసి ఏడవండి," అంది. "ఈగలు వాలతాయి."